ఇంజెక్షనా, ఆపరేషనా? బరువు తగ్గేవాళ్లు ముందుగా వేసుకోవాల్సిన లెక్క

ముందు బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే అంకె, చూసుకోండి. బరువు కిలోల్లో, ఎత్తు మీటర్లలో తీసుకుని, బరువును ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. 160 సెంటీమీటర్ల ఎత్తు, 96 కిలోల బరువుంటే 37.5 వస్తుంది. మనవాళ్లకు కొవ్వు పొట్ట చుట్టూ చేరుతుంది, తక్కువ బరువుకే షుగరు పట్టుకుంటుంది. అందుకే 2022లో వచ్చిన అంతర్జాతీయ సర్జరీ మార్గదర్శకాలు ఆసియావాళ్లకు 25 దాటితే ఊబకాయమనీ, 27.5 నుంచే సర్జరీ పరిశీలించవచ్చనీ అన్నాయి. ఇంజెక్షన్లకు మామూలుగా 30 ఉండాలి. షుగరు, బీపీ లాంటివి తోడైతే 27 చాలు.

ఇప్పుడు ఎన్ని కిలోలు తగ్గాలో తేల్చుకోండి. మందుల పనితీరు తేల్చే పరీక్షల్లో ఏడాదిన్నర కాలానికి ఇంజెక్షన్లలో సెమాగ్లుటైడ్ (వెగోవీ) పూర్తి డోసు మీద సగటున 15 శాతం, టిర్జెపటైడ్ (మౌంజారో) పెద్ద డోసు మీద 20 శాతం దాకా బరువు తగ్గింది. కడుపును చిన్నది చేసే స్లీవ్ లేదా బైపాస్ ఆపరేషన్ అయితే సుమారు 25–30 శాతం. పై మనిషి లెక్కలో అవి 14, 19, 24–29 కిలోలు. పదిహేను కిలోలు తగ్గితే చాలనుకునేవాళ్లు కడుపు కోయించుకోవడం తొందరపాటే. బీఎంఐ 40 దాటి, షుగరు, నిద్రలో ఊపిరాడని జబ్బు కూడా ఉన్నవాళ్లు మాత్రం సర్జన్‌ని కలవడం వాయిదా వేయకూడదు.

ఇంజెక్షన్‌లో అసలు చిక్కు ఆపినప్పుడే. సెమాగ్లుటైడ్ మానేసిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చినట్టు పరీక్షల్లో తేలింది. "నాలుగు నెలలు వాడి ఆపేద్దాం" అనుకుంటే డబ్బు దండగ. నెల ఖర్చును అరవై నెలలకు గుణించి, ఆ మొత్తాన్ని ఆపరేషన్ బిల్లు పక్కన పెట్టి చూడండి.

ఇది వారానికొకసారి పొట్ట మీదో తొడ మీదో చర్మం కింద వేసుకునే మందు. సెమాగ్లుటైడ్ 0.25 మిల్లీగ్రాములతో మొదలై, నాలుగేసి వారాలకు ఒక్కో మెట్టెక్కి 2.4కి చేరుతుంది. తొందరపడి డోసు పెంచితే వాంతులు ఎక్కువవుతాయి. గ్లిమెపిరైడ్ లాంటి షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టరుతో వాటి డోసు సరిచేయించుకోకపోతే షుగరు పడిపోతుంది. ఇంజెక్షన్ పెన్నును ఫ్రిజ్‌లో పెట్టాలి, ఫ్రీజర్‌లో కాదు, గడ్డకట్టిందంటే పారేయాల్సిందే. ఇంట్లో ఎవరికైనా మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉంటే ఈ మందు వద్దు. పాంక్రియాస్ వాపు వచ్చినవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. గర్భం కోరుకునేవాళ్లు సెమాగ్లుటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే ఆపాలి. సర్జరీ అయితే ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగాలి.

సర్జరీలో స్లీవ్ అంటే కడుపులో దాదాపు 75–80 శాతం కోసి తీసేయడం. దాన్ని మళ్లీ అతికించలేరు. ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు బాగా ఉన్నవాళ్లకు స్లీవ్‌తో అవి ముదరవచ్చు, కాబట్టి ముందు ఎండోస్కోపీ చేయించుకుని బైపాస్ (కడుపులో చిన్న సంచి చేసి దాన్ని నేరుగా చిన్నపేగుకు అతికించడం) గురించి అడగండి. బైపాస్ తర్వాత డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు, సిగరెట్లు అతుకు దగ్గర పుండ్లు తెస్తాయి. మోకాళ్ల నొప్పికి రోజూ మాత్ర మింగే అలవాటుంటే సర్జన్‌కి దాచొద్దు.

ఆపరేషన్ అయ్యాక మొదట మజ్జిగ, పల్చటి పప్పుకట్టు లాంటి ద్రవాలు, తర్వాత మెత్తగా మెదిపినవి, నెల దాటాకే ముద్ద. కంచంలో ముందు గుడ్డు, చేప, పప్పు తినాలి; అన్నం ఆఖరున. రోజుకు 60 గ్రాముల ప్రొటీనైనా అందకపోతే కొవ్వుతోపాటు కండా కరుగుతుంది. తింటూ నీళ్లు తాగొద్దు, అరగంట ఎడం ఉండాలి. బి12, ఐరన్, డి విటమిన్, కాల్షియం జీవితాంతం; ఐరన్‌కీ కాల్షియంకీ రెండు గంటల తేడా పాటించాలి. రెండు మూడు రోజులు ఆగకుండా వాంతులైతే "అలవాటవుతుందిలే" అని ఊరుకోకండి: థయామిన్ (బి1 విటమిన్) తరిగిపోయి నడక తూలుతుంది, ఒక వస్తువు రెండుగా కనిపిస్తుంది. అదే రోజు ఆస్పత్రికి వెళ్లి, గ్లూకోజ్ ఎక్కించేలోపే థయామిన్ ఇవ్వమని గుర్తుచేయండి.