పన్ను పంపకం తేలాకే పురపాలక సంఘాల పొత్తు

ఫ్యాక్టరీ ఏ ఊరి పరిధిలో పడితే ఆస్తి పన్ను ఆ ఊరికే. లారీల రద్దీ, మురుగునీరు, కార్మికులకు ఇళ్ల కొరత మాత్రం పొరుగూళ్లకూ తప్పవు. అందుకే కలిసి ఎదుగుదామని ఎన్ని సమావేశాలు పెట్టుకున్నా, పెట్టుబడి పెట్టేవాడు రాగానే పక్కపక్క పురపాలక సంఘాలు రాయితీల్లో పోటీ పడతాయి.

ముందు ఎవరితో కలవాలో చూసుకోండి. జిల్లా హద్దులను కాదు, జనం రోజూ పనికి ఎటు వెళ్లివస్తున్నారో దాన్ని లెక్కలోకి తీసుకోండి. మూడు నుంచి అయిదు ఊళ్లు, ఒకే ఒక్క ఉమ్మడి పని చాలు: బస్సు మార్గమో, చెత్త శుద్ధి కేంద్రమో.

ఖర్చు జనాభా లెక్కనే పంచితే ఎక్కువ కట్టే పెద్ద ఊరు పెత్తనం అడుగుతుంది. సమానంగా పంచితే చిన్న ఊరు మోయలేదు. సగం సమానంగా, సగం జనాభాను బట్టి పంచడం మేలు. ఖర్చు 120 లక్షలు, మూడు ఊళ్ల జనాభా 50, 30, 20 వేలు అనుకుందాం. మొదటి 60 లక్షల్లో తలా 20. మిగతా 60లో వరసగా 30, 18, 12. మొత్తం వాటాలు 50, 38, 32 లక్షలు.

మేయర్ల సంతకాలతో సరిపెట్టకండి. ప్రతి కౌన్సిల్ తీర్మానం చేయాలి. లేదంటే పాలకవర్గం మారగానే ఒప్పందం మూలనపడుతుంది. తప్పుకోవాలంటే ఎంత ముందు నోటీసివ్వాలి, వెళ్లే ఊరు అప్పులో ఎంత భరించాలి, ఉమ్మడి ఆస్తి ఎవరిది అన్నవీ అందులోనే రాయాలి. బ్రెజిల్‌లో 2005 నాటి చట్టం ప్రకారం ఇలాంటి కూటముల్లో ఖర్చు వాటాల ఒప్పందాన్ని ఏటా రాసుకుంటారు. బడ్జెట్‌లో కేటాయింపు లేని హామీలకు అలా అడ్డుకట్ట పడుతుంది.

అసలు చిక్కు పన్ను దగ్గరే. అమెరికాలోని మిన్నియాపోలిస్, సెయింట్ పాల్ ప్రాంతానికి 1971లో చేసిన చట్టం చక్కని దారి చూపింది. వాణిజ్య, పారిశ్రామిక ఆస్తుల పన్ను విలువలో అప్పటినుంచి పెరిగిన దాంట్లో 40 శాతం ఉమ్మడి ఖాతాకు పోతుంది. అక్కడినుంచి జనాభాను, ఊరి ఆర్థిక స్తోమతను బట్టి పంచుతారు. పాత ఆదాయం జోలికి పోకుండా పెరుగుదలనే పంచడం వల్ల ఒప్పించడం తేలిక. ఫ్యాక్టరీ పొరుగూరికి పోయినా తమకూ కొంత వస్తుంది కాబట్టి రాయితీల పందెం నెమ్మదిస్తుంది.

వ్యాపారులను, కార్మిక సంఘాలను కూర్చోబెట్టండి. ఓటు మాత్రం పన్ను వేసే అధికారమున్న పురపాలక సంఘాలకే ఉంచండి. జీతమిచ్చి ఒక పూర్తికాల సమన్వయకర్తను పెట్టుకోండి. ఈ పనిని ఏదో ఒక ఊరి అధికారికి అదనపు బాధ్యతగా అప్పగిస్తే సొంత ఊరి ఫైళ్ల కిందే అది నలిగిపోతుంది.