ఎండాకాలంలో జూ పులి చనిపోతే: నిలువెత్తు బొమ్మ కోసం తోలు ఒలిచే ముందు జాగ్రత్తలు

పులి ఒంటి వేడి బతికున్నప్పుడు 38 డిగ్రీల దాకా ఉంటుంది. చనిపోయాక ఆ వేడి బయటికి పోదు, ఒత్తైన బొచ్చు లోపలే ఆపేస్తుంది. బయట ఎండ 42 డిగ్రీలుంటే కొన్ని గంటల్లోనే పొట్ట పచ్చబడుతుంది. పచ్చబడిన చోట బ్యాక్టీరియా పైపొరను తినేసి బొచ్చు కుదుళ్లను వదులు చేస్తుంది. వేళ్లతో మెల్లగా లాగితే బొచ్చు పొరతో సహా ఊడి వస్తుంది. ఆ తరవాత ఎంత నేర్పరి చేతిలో పెట్టినా ఆ తోలు పనికిరాదు. కాబట్టి మనుషులు, సామాను, అనుమతి అన్నీ ఎండలు ముదరకముందే సిద్ధంగా ఉండాలి.

ముందు కాగితం సంగతి. పులి, సింహం, చిరుత మూడూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వక అనుమతి లేకుండా కత్తి ముట్టుకోకూడదు. అడవిలో చనిపోయిన పులిని పోస్ట్‌మార్టం అయ్యాక కాల్చేయడమే పద్ధతి. అందువల్ల ఈ పని దాదాపుగా జూ జంతువులకే పరిమితం. ముంబైలో సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానంలో 2009 నుంచి ఉన్న టాక్సిడర్మీ కేంద్రం, అంటే చనిపోయిన జంతువుల తోలుతో బొమ్మలు చేసే చోటు, ఇలాంటి జంతువులతోనే పనిచేస్తోంది.

అన్నిటికంటే ఎక్కువగా తప్పు జరిగేది ఒకచోట. డాక్టరుగారు పోస్ట్‌మార్టం కోసం గడ్డం నుంచి తోక దాకా పొట్ట నిలువునా కోసేస్తారు. బొమ్మ చేసేవాళ్లకేమో వీపు కోత కావాలి. పులి నడుస్తున్నట్టో పడుకున్నట్టో ఉంటే, భుజాల మధ్య నుంచి తోక మొదలు దాకా వీపు మీద ఒకే కోత సరిపోతుంది, కుట్టు బొచ్చులో కలిసిపోతుంది. వెనక కాళ్ల మీద లేచి నిలబడే భంగిమ అయితేనే పొట్ట కోత నయం. భంగిమ ఏదో, కోత ఎక్కడో కత్తి పట్టకముందే ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాలి. అంటురోగం అనుమానం లేకపోతే ముందు తోలు ఒలిచి, ఆ వెంటనే కళేబరాన్ని పోస్ట్‌మార్టానికి ఇవ్వచ్చు. అనుమానం ఉంటే మాత్రం డాక్టరు మాటే చెల్లాలి, బొమ్మ సంగతి మర్చిపోవాలి.

ఆ అనుమానాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ముక్కు, నోరు, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే అది దొమ్మరోగం, అంటే ఆంత్రాక్స్ కావచ్చు. చెవి కొన నుంచి రక్తపు చుక్క తీసి మైక్రోస్కోపు కింద చూసేదాకా ఎక్కడా కోయకూడదు. 2021లో హైదరాబాద్ నెహ్రూ జూలో 8 సింహాలకు కోవిడ్ సోకింది. 2024 డిసెంబరులో నాగపూర్ గోరెవాడలో 3 పులులు, ఒక చిరుత బర్డ్ ఫ్లూతో పోయాయి. అమెరికాలోని గ్రాండ్ కేన్యన్‌లో 2007లో ఒక జీవశాస్త్రవేత్త చనిపోయిన కొండసింహాన్ని కోసి పరీక్షించి, దాన్నుంచి ప్లేగు సోకి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఎన్95 మాస్కు, కళ్లద్దాలు, రబ్బరు బూట్లు, ఏప్రాన్ తప్పనిసరి. చేతులకు లోపల కోత పడని గ్లవుజు, దాని మీద పలచటి నైట్రైల్ రబ్బరు గ్లవుజులు రెండు జతలు వేసుకోవాలి. రేబిస్, ధనుర్వాతం టీకాలు ముందే వేయించుకుని ఉండాలి. చెయ్యి తెగినా, చచ్చిన పులి గోరు గీరుకున్నా 15 నిమిషాలు సబ్బు నీళ్లతో కడిగి ఆసుపత్రికి వెళ్లాలి.

చనిపోయిన వెంటనే నీడకు చేర్చి, చంకల్లో, గజ్జల్లో, మెడ కింద ఐసు సంచులు పెట్టాలి. 4 డిగ్రీల చల్లటి గది ఉంటే ఇంకా మంచిది. కళేబరాన్ని ఉన్నపళంగా గడ్డకట్టించే ఆలోచన వద్దు. 200 కిలోల పులి పైపైన రాయిలా బిగుసుకున్నా లోపల కుళ్లుతూనే ఉంటుంది. నోరు, ముక్కు, మలద్వారాల్లో దూది కుక్కితే బొచ్చు మీదికి ద్రవం కారదు.

తోలుతో ఉన్న ఒంటి కొలతలు ముందే తీసుకోవాలి, తోలు తీశాక వాటికి దారి ఉండదు. ముక్కు కొన నుంచి కంటి లోపలి మూలకు, ముక్కు నుంచి తోక మొదలుకు, తోక పొడవు, మెడ, ఛాతీ, పొట్ట, ముంజేయి, తొడ చుట్టుకొలతలు రాసుకోవాలి. ముఖానికి అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయాలి. తోలు ఒలిచాక కండల మీద చుట్టుకొలతలు మళ్లీ తీసుకోవాలి, తోలు లోపల పెట్టే ఫోమ్ ఆకారం కుదరాలంటే అవే ఆధారం.

కోతకు 4వ నంబరు హేండిలుకి 22వ నంబరు సర్జికల్ బ్లేడు, ముఖానికి 3వ నంబరు హేండిలుకి 15వ నంబరు. బ్లేడు మొన తోలు కిందికి పోనిచ్చి, పదును పైకి పెట్టి లోపలి నుంచి కోయాలి. పైనుంచి కోస్తే వెంట్రుకలు తెగి కుట్టు బట్టబయలవుతుంది. తోకను కింది వైపు చివరిదాకా చీల్చాలి. గొట్టంలా లాగేస్తే ఉప్పు అందక కొన కుళ్లుతుంది. కాళ్ల తోలును వేళ్ల దాకా తిరగేసి, చివరి కీలు దగ్గర కోసి, గోరున్న ఎముకను తోలుతోనే ఉంచాలి. పాదం కింది మెత్తల్లోని కొవ్వు, పీచు లోపలి నుంచి పలచగా చెక్కేయాలి.

ముఖానికి గంటల తరబడి పట్టినా తొందర పడకూడదు. చెవి తోలును మృదులాస్థి నుంచి అంచుదాకా విడదీసి తిరగేయాలి. కన్ను దగ్గర బయటి నుంచి వేలు రెప్ప లోపల పెట్టి, బ్లేడును ఎముకకు ఆనించి నడపాలి. లోపలి మూలలో తోలు ఎముకకు అంటుకుని ఉంటుంది, అక్కడే రెప్పలు తెగుతుంటాయి. పెదవుల్ని చిగుళ్ల దగ్గర కోసి, లోపలి పొర ఒకటిన్నర సెంటీమీటర్లు మిగిల్చి తరవాత రెండుగా చీల్చాలి. మీసాల మెత్తలో లోపలి నుంచి చూస్తే కుదుళ్లు నల్లని బుడిపెల్లా వరసగా కనిపిస్తాయి. వాటిని గీకేస్తే మీసాలు రాలిపోతాయి, మళ్లీ అతికించినా ఆ ముఖం పులి ముఖంలా ఉండదు. వరసల మధ్య మాంసాన్ని గళ్లు గళ్లుగా గాట్లు పెడితే చాలు, ఉప్పు ఇంకుతుంది.

మాంసం, కొవ్వు పూర్తిగా గీకాక తోలును తూచి, కనీసం అంతే బరువు అయొడిన్ కలపని మెత్తటి ఉప్పు అరచేత్తో రుద్దాలి. చెవులు, పెదవులు, వేళ్ల సందులు మర్చిపోకూడదు. రాళ్ల ఉప్పు వేస్తే ఉప్పు రాళ్ల మధ్య ఖాళీలు మిగిలి అక్కడే బొచ్చు ఊడుతుంది. వాడిన ఉప్పు మళ్లీ వాడితే తోలుపై ఎర్ర మచ్చలు లేస్తాయి. వాలుగా పెట్టిన బల్ల మీద పరిచి, 24 గంటలకు తడిసిన ఉప్పు దులిపి కొత్తది పట్టించాలి. ఆరబెట్టేది నీడలో, గాలి తగిలేచోట. ఎండలో వేస్తే తోలు బిరుసెక్కి, పదును చేసేటప్పుడు నీళ్లు పీల్చుకోదు. అదే రోజు గీకే మనుషులు దొరకకపోతే ఉప్పు వేయకుండా తోలును పూర్తిగా చల్లార్చి, చుట్టి మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో పెట్టాలి. ఉప్పు పట్టించి ఫ్రీజర్లో పెడితే సరిగా గడ్డకట్టదు. వెచ్చగా ఉన్న తోలును ప్లాస్టిక్ సంచిలో మూట కడితే, అది రాత్రికి రాత్రే పాడైపోతుంది.

గోళ్లు లెక్కపెట్టండి. ముందు కాళ్లకు ఐదేసి, వెనక కాళ్లకు నాలుగేసి, మొత్తం 18. ఈ సంఖ్యను, కోరపళ్లను, మీసాల ఫొటోలను పంచనామాలో రాయించి సంతకాలు తీసుకోవాలి. పులిగోరు కోసం చేతులు చాచేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. మిగిలిన మాంసం, బొమ్మలోకి వెళ్లని ఎముకలు అధికారుల ఎదుటే కాల్చాలి. పెంటోబార్బిటాల్ అనే మందు ఇచ్చి, నొప్పి తెలియకుండా ప్రాణం తీసిన జంతువైతే ఇది మరీ ముఖ్యం. ఆ మాంసం తిన్న రాబందులు, కుక్కలు కూడా చస్తాయి.