రోహిణి కార్తెకు ముందు కారు ఏసీ సెన్సార్ మీద పానా పెట్టేటోళ్లకు కొన్ని జాగ్రత్తలు

మా బల్లార్షాల ఏప్రిల్ సగం దాటిందంటే ఇంట్ల కూలర్లకు కొత్త గడ్డి కొట్టిస్తరు, కార్లున్నోళ్లు ఏసీ చూపిచ్చుకుంటరు. మరాఠోళ్లు నవతపా అంటరు, మనం రోహిణి కార్తె అంటం, రోళ్లు పగిలే ఎండ ఎవల భాషలనైనా ఒక్కటే, చంద్రపూర్ దిక్కు మే నెలాఖరుకు 46, 47 కొట్టుడు కొత్త ముచ్చట కాదు. గప్పుడే ఏసీ బంద్ పడితే మనిషికి ఓపిక ఉండదు, ఒక వీడియో చూసి, ఆన్‌లైన్‌ల ఏసీ పైపుల గ్యాసు ప్రెషర్ చూసే సెన్సార్ తెప్పిచ్చుకొని, మిట్ట మధ్యాహ్నం బానెట్ లేపుతరు.

పోయినేడు మా బామ్మర్ది గట్లనే చేసిండు. గ్యాసును ఒత్తి తిప్పే కంప్రెసర్ ఆన్ అయితలేదని చూపిస్తే మిస్త్రీ "సెన్సార్ పోయింది" అన్నడట, పైసలు మిగులుతయని ఈయన సొంతంగ మొదలువెట్టిండు. బండి బంద్ ఉన్నది గదా ఏమైతది అనుకొని పానా పెట్టి తిప్పుతాంటే సుయ్యిమని మొదలైంది, అయినా ఆపలే, ఇంకో చుట్టుకు సెన్సార్ ఎగిరి బానెట్‌కు తగిలింది, తెల్లటి పొగ లేచింది, గంత ఎండల కూడా ఆయన బొటనవేలు మీద మంచు పట్టింది. సాయంత్రానికి బొబ్బలు. కండ్లద్దాలు పెట్టుకునే మనిషి కాబట్టి కండ్లు దక్కినయి. ఆఖరికి చూస్తే సెన్సార్ మంచిగనే ఉన్నది, కనెక్టర్ల ఒక పిన్ను పచ్చగ తుప్పు పట్టింది, గంతే.

ముందుగాల ఎక్కించుకోవాల్సింది ఇదే, ఇంజన్ బంద్ చేస్తే ఏసీ పైపులల్ల ప్రెషర్ పోదు. మన దగ్గర ఎక్కువ కార్లల్ల ఉండేది ఆర్134ఎ గ్యాసు, లోపల కొంచెం ద్రవం ఉన్నంత సేపు దాని ప్రెషర్ ఎండను బట్టి ఉంటది. పొద్దుగాల 30 డిగ్రీలున్నప్పుడు దగ్గరదగ్గర 100 పీఎస్ఐ, అదే 45 డిగ్రీలైతే 150 దాటుతది, అది కూడా బండి ఆగి ఉన్నప్పుడు. టైర్ల మనం కొట్టిచ్చేది 32, 33. ఏసీ నడుస్తున్నప్పుడు హై సైడ్ పైపుల, అంటే కంప్రెసర్ ఒత్తిన గ్యాసు పోయే పైపుల, 250, 300 కూడా ఉంటది, సెన్సార్ కూసుండేది సరిగ్గ ఆ పైపు మీదనే. పైంగ ఈ గ్యాసు మైనస్ 26 డిగ్రీలకే మరుగుతది, అందుకే తోలుకు తాకంగనే గడ్డకట్టిస్తది. కాబట్టి పని పొద్దుగాల ఆరింటికి, ఇంజన్ సల్లగున్నప్పుడు, నీడకు పెట్టుకోండ్రి.

ఇగ సెన్సార్ నిజంగ పోయిందా? నా లెక్కల సగం మంది మంచి సెన్సార్‌నే మారుస్తరు. గ్యాస్ తక్కువైతే కంప్రెసర్‌ను ఆపుడే దాని పని, ఎందుకంటే కంప్రెసర్ ఆయిల్ గ్యాసుతోటే తిరుగుతది, గ్యాస్ లేకుంట నడిస్తే కంప్రెసర్ పట్టేస్తది. ప్రెషర్ మస్తు పెరిగినా అది ఆపుతది. బొగ్గు లారీల ఎనుక రోజూ తిరిగే మన బండ్లల్ల ముందట రేడియేటర్ లెక్క ఉండే కండెన్సర్ జాలి నల్లగ మూసుకపోయి ప్రెషర్ పెరుగుతది, తిట్లేమో సెన్సార్‌కు. ముందు జాలి కడగండ్రి, ప్రెషర్ పంపు కొట్టొద్దు, రెక్కలు వంగుతయి, మామూలు పైపు నీళ్లు చాలు. ఫ్యాన్ తిరుగుతుందా, ఫ్యూజు, రిలే, కనెక్టర్ చూడుండ్రి. ఇవన్నీ మంచిగుంటే బండికి తగిలిచ్చే స్కానర్ మిషన్ల కనబడే ప్రెషర్, ఏసీ పైపుకు పెట్టే గేజుల కనబడే ప్రెషర్ పక్కపక్కన పెట్టి చూడాలె, రెండూ దగ్గరగ ఉంటే సెన్సార్ తప్పు లేదు.

ఇంకోటి, వైరు ముక్క పెట్టి డైరెక్ట్ చేసుడు. పాత బండ్లల్ల రెండు వైర్ల స్విచ్చికి చేసేటోళ్లు, అప్పుడూ అది మంచి పని కాదు. ఇప్పటి సెన్సార్లకు మూడు వైర్లు, ఒకటి 5 వోల్టులు, ఒకటి గ్రౌండు, ఇంకోటి సిగ్నల్, అది ఎక్కువ బండ్లల్ల అర వోల్టు నుంచి నాలుగున్నర దాకా మారుతది. ఆ 5 వోల్టుల లైను కొన్ని బండ్లల్ల ఇంజన్‌కున్న వేరే సెన్సార్లకు కూడా పోతది, అది షార్ట్ అయితే ఏసీ సంగతి అట్లుంచు, బండే స్టార్ట్ కాకపోవచ్చు.

సెన్సార్ మార్చాలనే తేలిందా, అయితే దాని కింద వాల్వు ఉన్నదా లేదా తెలుసుకోండ్రి. చాలా బండ్లల్ల టైరు నాజిల్‌ల ఉండే పిన్ను అసొంటిది ఉంటది, సెన్సార్ ఇప్పంగనే అదే మూసుకుంటది, గ్యాస్ తియ్యాల్సిన పని లేదు. కొన్నిట్ల అది ఉండదు, అప్పుడు మిషన్ పెట్టి గ్యాస్ మొత్తం వాపస్ తీసినంకనే ఇప్పాలె. మీ బండి సర్వీస్ మాన్యువల్‌ల ఉంటది, పక్కింటాయన కారుకు ఉన్నదంటే మీ దానికి ఉన్నట్టు కాదు. వాల్వు ఉన్నదని తెలిసినా కూడా మెల్లగ ఇప్పుండ్రి. ఒక్కసారి టుస్సుమని ఆగిపోతే సరే, అది మధ్యల ఇరుక్కున్న గ్యాసు. సుయ్యిమనుడు ఆగకుంట వస్తనే ఉన్నదంటే వాల్వు లేదు, ఉన్నా పాడైంది, వెంటనే వాపస్ బిగించి ఏసీ షాపుకు పోవాలె. మా బామ్మర్ది తప్పిందే ఆ ఒక్క క్షణం.

పక్కలకు కూడా మూసుకునే గాగుల్స్, మందం గ్లౌజులు పెట్టుకోవాలె. బ్యాటరీ మైనస్ తియ్యాలె, లేకుంటే కొన్ని బండ్లల్ల చావి తీసినంక కూడా రేడియేటర్ ఫ్యాన్ దానంతటదే తిరుగుతది, వేళ్లు పోతయి. తలుపులు మూసిన షెడ్డుల, గుంతల కూసొని చెయ్యొద్దు, ఈ గ్యాసు గాలి కన్న బరువు, కిందనే నిండి ఊపిరాడదు. బీడీ, వెల్డింగు దగ్గర అసలే వద్దు, మంట తగిలితే విషం గ్యాసులు తయారైతయి. చేతికి గ్యాస్ కొడితే రుద్దొద్దు, వేడినీళ్లు పొయ్యొద్దు, గోరువెచ్చని నీళ్లల్ల పెట్టి డాక్టర్ దగ్గరికి పోవాలె. కంట్ల పడితే పదిహేను నిమిషాలు నీళ్లతోటి కడిగి సీదా దవాఖానే.

సెన్సార్ చుట్టూ ఆయిల్, బొగ్గు దుమ్ము కలిసి కాటుక లెక్క పేరుకుంటది, అది ముందే తుడవండ్రి, ఒక్క ముద్ద రంధ్రంల పడ్డదంటే అది పోయి గ్యాసు సన్నగ దాటే ఎక్స్‌పాన్షన్ వాల్వుల కూసుంటది. సెన్సార్ కింద లీకు కాకుంట ఆపే పాత రబ్బరు ఓరింగు మళ్లా వెయ్యొద్దు, పది రూపాయల ముచ్చట. కొత్తది ఏసీకి పనికొచ్చేదే ఉండాలె, నీళ్ల నల్లాకు వేసే రబ్బరు నడవదు, దానికి మీ బండికి చెప్పిన ఏసీ ఆయిలే రెండు చుక్కలు రాయాలె. ఆ ఆయిల్ డబ్బా మూత తీసి పెట్టొద్దు, గాలిల తేమ గుంజుకుంటది. ఒక పానాతోటి కింది దిమ్మెను పట్టుకొని ఇంకో పానాతోటి సెన్సార్ తిప్పాలె, అల్యూమినియం మర, బలం చూపిస్తే పైపే మెలిపడ్తది. టార్క్, అంటే బిగించే బలం, మాన్యువల్‌ల ఎంతుంటే గంతనే.

గ్యాస్ పోయి ఉంటే లోపలి గాలి, తేమ గుంజేసే వ్యాక్యూమ్ తక్కువల తక్కువ అర్ధగంట పట్టించి, అది నిలబడుతదా చూసి, బానెట్ కింద స్టిక్కర్ మీద రాసిన గ్రాముల లెక్క ప్రకారమే తూకంతోటి నింపాలె, అందాజకు కాదు. కొందరు సస్తా అని ఎల్పీజీ కలుపుతరు, అది అంటుకునేది, ఏసీ కాయిలు ఉండేది మీ కాళ్ల ముందట డ్యాష్‌బోర్డు ఎనుక. కాగజ్‌నగర్ నుంచో ఆసిఫాబాద్ నుంచో గ్యాస్ డబ్బాలు తెచ్చుకునేటోళ్లు డిక్కీల పెట్టి ఎండల బండి ఆపొద్దు, 50 డిగ్రీలు దాటితే ఆ డబ్బా పగలొచ్చు. ఇంజన్ నడుస్తున్నప్పుడు డబ్బాకు హై సైడ్ వాల్వు ఇప్పితే ప్రెషర్ ఉల్టా డబ్బాలకు వచ్చి పేలుతది.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్లు అయితే ఇదంతా మరిచిపోండ్రి, ఎక్కువ వోల్టేజి పోయే నారింజ రంగు వైర్లు చూస్తే చెయ్యి ఎనుకకు తీసుకోండ్రి, ఆ పని దానికి శిక్షణ ఉన్నోళ్లది.

అంతా అయినంక సెన్సార్ చుట్టూ సబ్బు నురుగు పూసి బుడగలొస్తయా చూడుండ్రి. రెండు రోజులైనంక పొద్దుగాల టార్చి కొట్టి ఇంకోసారి చూడాలె, అక్కడ మళ్లా నూనె తడి మీద దుమ్ము అంటి కనబడితే ఓరింగు సరిగ్గ కూసోలేదన్నట్టు.