బరువు తగ్గే మందుతో పొట్ట పేచీ పెడితే: సమస్య - పరిష్కారం

సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ లాంటి వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్లతో పొట్ట ఇబ్బందులు ఎక్కువగా మొదటి వారాల్లో, మళ్లీ డోసు పెంచినప్పుడు వస్తాయి. అందుకే ముందు క్యాలెండర్ చూసుకోండి.

సమస్య: వికారం, వాంతులు

కారణం: తిన్నది పొట్టలోంచి కిందికి దిగడాన్ని ఈ మందు నెమ్మది చేస్తుంది. మెదడులో వికారం పుట్టించే చోట కూడా పనిచేస్తుంది. ఇంతకుముందు తిన్నదే ఇంకా అరగకుండా ఉంటే, పాత అలవాటు కొద్దీ కంచం నిండా పెట్టుకున్నది ఎక్కడ పడుతుంది?

పరిష్కారం: సగమే వడ్డించుకుని నెమ్మదిగా తినండి. ఇంకో నాలుగు ముద్దలు పడతాయనిపించినప్పుడే లేచిపోండి. కడుపు నిండిందని తెలిసేసరికి మోతాదు దాటిపోయి ఉంటుంది. నూనె ఓడే వంటకాలు, మద్యం కొన్నాళ్లు పక్కన పెట్టండి. తిన్న వెంటనే పడుకోవద్దు, గుండెల్లో మంట కూడా తోడవుతుంది.

అయినా తగ్గకపోతే డోసు గురించి డాక్టరుతో మాట్లాడండి. సెమాగ్లూటైడ్‌ని 0.25 మి.గ్రా.తో మొదలుపెట్టి కనీసం 4 వారాలు ఆగి ఒక్కో మెట్టు పెంచేది శరీరం అలవాటు పడాలనే. డాక్టరు పెంచడం వాయిదా వేసినా, ఒక మెట్టు దించినా టెన్షన్ పడాల్సిన పని లేదు. తొందరపడి సొంతంగా పెంచుకోవడమే అసలు పొరపాటు.

సమస్య: మలబద్ధకం

కారణం: తిండీ, నీళ్లూ రెండూ తగ్గిపోతాయి. ఆకలి లేనప్పుడు దాహం సంగతి కూడా మర్చిపోతాం.

పరిష్కారం: నీళ్లు, నడక, పీచు. పీచు ఒక్కసారిగా పెంచితే ఉబ్బరం వస్తుంది. నీళ్లు తాగకుండా పీచు మాత్రమే పెంచితే ఇంకా బిగుసుకుంటుంది.

సమస్య: విరేచనాలు

పరిష్కారం: ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా తాగుతూ ఉండండి. మూత్రం ముదురు రంగులోకి మారినా, నిలబడితే తల తిరిగినా ఒంట్లో నీరు తగ్గిందని అర్థం. అది కిడ్నీల మీద పడుతుంది.

విరేచనంలో నూనె తేలుతోందా? మీరు వాడేది ఆర్లిస్టాట్ అనే, బరువు తగ్గడానికి నోటితో మింగే మందు అయి ఉంటుంది. అది తిన్న కొవ్వులో సుమారు మూడో వంతును ఒంటికి పట్టకుండా ఆపుతుంది, ఆ కొవ్వే అలా బయటికి వస్తుంది. భోజనంలో కొవ్వు తగ్గిస్తే ఇదీ తగ్గుతుంది.

ఇంట్లో చూసుకోకూడనివి

పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పాకే తీవ్రమైన నొప్పి క్లోమం వాపు కావచ్చు. కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, జ్వరం, కళ్లు పచ్చబడటం ఉంటే పిత్తాశయంలో రాళ్లను అనుమానించాలి. తర్వాతి ఇంజెక్షన్ వేసుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.