సీఎస్‌వీ ఫైల్‌ను ఎక్సెల్‌లోకి తప్పుల్లేకుండా తెచ్చుకోవడం ఎలా?

విశాఖపట్నంలో ఏ అపార్ట్‌మెంట్ అసోసియేషనో, కోచింగ్ సెంటరో తమ చిరునామాల జాబితాను సీఎస్‌వీ ఫైల్‌గా (కాలమ్‌లను కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్) డౌన్‌లోడ్ చేసుకుని ఎక్సెల్‌లో తెరిస్తే, ముందుగా దెబ్బతినేది డోర్ నంబరు. మన ఊళ్లో డోర్ నంబర్లు 10-1-25 లాగా ఉంటాయి కదా. ఎక్సెల్‌కి అది 2025 జనవరి 10. గడిలో 10-01-2025 అని తేదీ ప్రత్యక్షమవుతుంది. పోనీ ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మారుద్దామంటే 45667 అని వస్తుంది, ఎందుకంటే ఎక్సెల్ తేదీని లోపల రోజుల లెక్కగా దాచుకుంటుంది. అసలు నంబరు ఆ షీట్‌లో ఎక్కడా మిగలదు. అలాగే సేవ్ కొడితే ఫైల్‌లోనూ ఉండదు.

ఇదంతా ఫైల్ మీద డబుల్ క్లిక్ చేయడం వల్ల వచ్చే తంటా. డబుల్ క్లిక్ చేస్తే ఏ కాలమ్‌లో ఏముందో ఎక్సెల్ తనే ఊహించుకుంటుంది. ఇంపోర్ట్ చేస్తే ఆ మాట మనం చెప్పొచ్చు.

ముందు నోట్‌ప్యాడ్‌లో చూడండి

ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి, ఓపెన్ విత్‌లో నోట్‌ప్యాడ్ ఎంచుకోండి. ఒక వరుస ఇలా ఉందనుకుందాం:

10-1-25,"ద్వారకానగర్, మూడో లైను",530016,"1,25,000",05-04-2025

కోట్స్ మధ్య ఉన్న కామా దగ్గర కాలమ్ విడిపోదు. సీఎస్‌వీ పద్ధతిని రాసిపెట్టిన 2005 నాటి ఆర్‌ఎఫ్‌సీ 4180 అనే ఇంటర్నెట్ పత్రం చెప్పేదీ అదే. కోట్స్ లేకుండా 1,25,000 అని ఉంటే మాత్రం అది మూడు కాలమ్‌లైపోయి, తర్వాతివన్నీ పక్కకు జరుగుతాయి. అలాంటి ఫైల్‌ను చేత్తో దిద్దుతూ కూర్చోకండి. ఇచ్చినవాళ్లనే అడిగి సరైనది తెప్పించుకోండి. ఇంకో మాట, డోర్ నంబరుకు కోట్స్ పెట్టినా అది తేదీగా మారకుండా ఆగదు.

ఎక్సెల్‌లో ఇంపోర్ట్

1. ఖాళీ వర్క్‌బుక్ తెరిచి, డేటా ట్యాబ్‌లో ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ నొక్కి ఫైల్‌ను ఎంచుకోండి.

2. ప్రివ్యూలో తెలుగు పేర్లు పిచ్చి గుర్తులుగా కనిపిస్తే, ఫైల్ ఆరిజిన్‌లో 65001 యూనికోడ్ యూటీఎఫ్-8 పెట్టండి. వెంటనే తెలుగు వచ్చేస్తుంది. డీలిమిటర్, అంటే కాలమ్‌లను విడదీసే గుర్తు, కామా అని ఉందో లేదో కూడా చూడండి.

3. అసలు కీలకం ఇక్కడే. డేటా టైప్ డిటెక్షన్ దగ్గర డు నాట్ డిటెక్ట్ డేటా టైప్స్ ఎంచుకోండి. ఇప్పుడు అన్ని కాలమ్‌లూ టెక్స్ట్‌గానే వస్తాయి.

4. ట్రాన్స్‌ఫామ్ డేటా నొక్కండి. మొదటి వరుసలో కాలమ్ పేర్లుంటే యూజ్ ఫస్ట్ రో యాజ్ హెడర్స్ నొక్కండి. తర్వాత కూడికలు చేయాల్సిన కాలమ్‌ను మాత్రమే నంబరుగా మార్చండి. డోర్ నంబరు, ఫోన్, పిన్‌కోడ్, బ్యాంకు ఖాతా, ఆధార్ టెక్స్ట్‌గానే ఉండాలి. వాటిని మనం ఎప్పుడూ కూడం కదా. నంబరుగా మారిస్తే 0891లో ముందున్న సున్నా పోతుంది. 16 అంకెల కార్డు నంబరైతే చివరి అంకె సున్నా అయిపోతుంది, ఎందుకంటే ఎక్సెల్ 15 అంకెల వరకే గుర్తుపెట్టుకుంటుంది. పోయిన అంకె ఇక తిరిగి రాదు.

5. తేదీ కాలమ్‌కు యూజింగ్ లొకేల్ (ఏ దేశపు పద్ధతిలో చదవాలో చెప్పే ఆప్షన్) వాడి, తేదీ రకంతో పాటు ఇంగ్లిష్ ఇండియా ఎంచుకోండి. లేదంటే, కంప్యూటర్ అమెరికా సెట్టింగులో ఉంటే 05-04-2025 మే 4 అవుతుంది. 25-04-2025 లాంటివి 25వ నెల లేదు కాబట్టి ఎర్రర్ చూపిస్తాయి, కానీ 05-04-2025 లాంటివి చప్పుడు లేకుండా తప్పు తేదీలైపోతాయి. కళ్లకు కనిపించని తప్పు ఇదే, అందుకే ప్రమాదం.

6. క్లోజ్ అండ్ లోడ్ నొక్కండి.

ఈ తేదీల గోల మన ఒక్కరిదే కాదు. మార్చ్1 అనే జన్యువు పేరును ఎక్సెల్ తేదీగా మార్చేస్తోందని, మనుషుల జన్యువులకు పేర్లు పెట్టే కమిటీ 2020లో దాని పేరే మార్చ్‌ఎఫ్1 చేసింది.

వేరే ప్రోగ్రాములు

ఈ పనికి నేనైతే లిబ్రేఆఫీస్ క్యాల్కే ఓటేస్తాను. సీఎస్‌వీ తెరవగానే టెక్స్ట్ ఇంపోర్ట్ కిటికీ దానంతటదే వస్తుంది. కింద కాలమ్ తల మీద నొక్కి, టెక్స్టో, రోజు-నెల-సంవత్సరం క్రమంలో తేదీయో చెప్పేస్తే చాలు. గూగుల్ షీట్స్‌లో ఫైల్, ఇంపోర్ట్‌లోకి వెళ్లి, టెక్స్ట్‌ను నంబర్లు, తేదీలు, ఫార్ములాలుగా మార్చే ఆప్షన్‌కు ఉన్న టిక్ తీసేయండి.

సేవ్ చేసే ముందు

వరుసల సంఖ్య, మొత్తం సొమ్ము అసలు లెక్కతో సరిపోయాయా చూసుకోండి. ఒక షీట్‌లో 10,48,576 వరుసలకు మించి పట్టవు. అంతా సరిగ్గా ఉంటే ఎక్సెల్ వర్క్‌బుక్‌గా సేవ్ చేయండి. ఎవరికైనా మళ్లీ సీఎస్‌వీగానే ఇవ్వాల్సి వస్తే, సేవ్ యాజ్‌లో సీఎస్‌వీ యూటీఎఫ్-8 అన్నదే ఎంచుకోండి. మామూలు సీఎస్‌వీ ఎంచుకుంటే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి.