ముఖం ఎముకల పాఠాలు – 4వ భాగం: ఎక్స్-రేతో పాటు వయసూ చదవండి

పోయిన భాగంలో కింది దవడ ఎక్కడెక్కడ విరుగుతుందో చూశాం కదా, ఇప్పుడు ఆ ఎక్స్-రేతో పాటు మనిషి వయసు ఎంతో కూడా చూసి వైద్యం ఆలోచిద్దాం. ముప్ఫై ఏళ్ల మనిషి సంగతి తేలిక, పళ్ళు గట్టిగా ఉంటాయి కాబట్టి పై పళ్ళూ కింది పళ్ళూ సరిగ్గా కలిసేలా వైరు కట్టి, టైటానియం ప్లేట్లు బిగిస్తే చాలావరకు పని అయిపోతుంది.

పిల్లల దగ్గరే ఆగాలి. ఐదేళ్ల పాప మెట్ల మీద పడి గడ్డం కింద చీరుకుపోయి వచ్చిందనుకోండి, అందరి కళ్ళూ ఆ గాయం మీదే, కుట్లు వేసి పంపేస్తారు. మీరు పంపకండి. రెండు చెవుల ముందూ వేళ్ళు పెట్టి నోరు తెరవమనండి. నొప్పి అన్నా, గడ్డం ఒక పక్కకి లాగినా, పళ్ళు ఎప్పటిలా కలవకపోయినా దవడ కీలు దగ్గర, అంటే కాండైల్ విరిగిందని అనుమానించాల్సిందే. ఈ వయసులో అక్కడ సాధారణంగా ఆపరేషన్ అక్కర్లేదు, ఎదిగే ఎముక కాబట్టి తనంతట తానే సర్దుకుంటుంది. మెత్తటి తిండి పెట్టించండి, పళ్ళు కలవకపోతే వారం పది రోజులు కట్టండి, ఆ తర్వాత రోజూ నోరు తెరిచే వ్యాయామం తప్పనిసరి. భయంతో నెలరోజులు కట్టి ఉంచితే కీలు బిగుసుకుపోయి నోరు తెరుచుకోదు, దవడ ఎదుగుదలే దెబ్బతింటుంది. దయచేసి ఇది మర్చిపోకండి.

కీలు దగ్గర కాకుండా పళ్ళ వరస కింద విరిగితే చిక్కు వేరు. ఎముక లోపల రాబోయే పళ్ళ మొగ్గలు ఉంటాయి, స్క్రూ వాటిలోకి దిగకూడదు. ప్లేటు తప్పకపోతే దవడ కింది అంచునే, పొట్టి స్క్రూలతో. పాలపళ్ళ వేర్లు కరిగిపోతూ ఉంటాయి కాబట్టి వైరు కూడా సరిగ్గా నిలవదు, అప్పుడు అక్రిలిక్ స్ప్లింట్, అంటే పళ్ళ మీద తొడిగే గట్టి ప్లాస్టిక్ అచ్చు వాడతారు. పిల్లల ఎముక త్వరగా అతుక్కుంటుంది, సరిచేసేదేదో నాలుగైదు రోజుల్లోపే చేయాలి.

కంటి కింద దెబ్బ అయితే అంత టైమ్ కూడా లేదు. కన్ను తెల్లగానే ఉంటుంది, వాపూ పెద్దగా ఉండదు, కానీ పిల్లాడు పైకి చూడలేడు, వాంతులు అవుతాయి, నాడి నెమ్మదిస్తుంది. తలకు దెబ్బ అనుకుని పొరబడేది ఇక్కడే. కంటి గూడు అడుగున ఉండే లేత ఎముక వంగి వెనక్కి వచ్చేటప్పుడు కంటి కండరం అందులో ఇరుక్కుంటుంది. వెంటనే సీటీ తీయించి, 24 నుంచి 48 గంటల్లోపు విడిపించాలి.

వయసు పైబడినవాళ్ళ దగ్గర మొదటి ప్రశ్న ఎలా పడ్డారని. కళ్ళు తిరిగి పడ్డారా, రక్తం పలుచబడే మందులు వాడుతున్నారా? పళ్ళు ఊడిపోయిన దవడ ఎత్తు 10 మిల్లీమీటర్ల కంటే తక్కువకు అరిగిపోతే చిన్న ప్లేట్లు నమిలే బరువు మోయలేవు, అదంతా తానే మోసే పెద్ద రికన్‌స్ట్రక్షన్ ప్లేటే కావాలి. మత్తు తట్టుకోలేనివాళ్ళకు పాత కట్టుడు పళ్ళనే స్ప్లింట్‌గా వాడవచ్చు, అందుకే అవి విరిగిపోయినా సరే పారేయకుండా తెమ్మని ఇంట్లోవాళ్ళకు చెప్పండి.

అభ్యాసం: ఎనిమిదేళ్ల బాబు, సైకిల్ మీద నుంచి పడి మూడు రోజులైంది, కోరపన్ను కింద దవడ విరిగి పక్కకి జరిగింది. ప్లేటా, స్ప్లింటా? ఎందుకో రాసి పెట్టుకోండి, ఓపీజీలో (రెండు దవడలూ ఒకేసారి కనిపించే ఎక్స్-రేలో) పళ్ళ మొగ్గలు ఎలా గుర్తించాలో 5వ భాగంలో ఈ కేసుతోనే మొదలుపెడదాం.