కథ చప్పగా ఉందా? ఎవరి వైపు నుంచి చెబుతున్నారో చూడండి

సమస్య: సంఘటన బలంగానే ఉంది, రాస్తే మాత్రం చప్పగా వస్తోంది.

కారణం చాలాసార్లు భాష కాదు. ఆ సంఘటనలో పోయేదేమీ లేని మనిషి వైపు నుంచి చెబుతూ ఉంటాం. పొలం అమ్మకం మీద నేనో కథ మొదలుపెట్టాను, హైదరాబాద్ నుంచి రిజిస్ట్రేషన్‌కి వచ్చిన కొడుకు వైపు నుంచి. నాలుగు పేజీలైనా అతను చిన్నప్పటి సంగతులు తలుచుకుని నిట్టూర్చడం తప్ప చేసిందేమీ లేదు. అతనికి డబ్బులొస్తున్నాయి మరి!

పరిష్కారం: ఎవరి రేపు తలకిందులవుతుందో వెతకండి. నా కథలో అది కౌలు రైతుది. మడికి నీళ్లు పెడదామని పొద్దున్నే వెళ్తే గట్టు మీద సర్వేయర్ టేపు లాగుతున్నాడు. అమ్మకం సంగతి అప్పటిదాకా అతనికి ఎవరూ చెప్పలేదు. మొదటి పేరా అక్కడ దొరికింది.

సమస్య: ముగింపు ముందే తెలిసిపోతోంది.

గుట్టు తెలిసిన పాత్ర పక్కన కూర్చున్నారన్నమాట. 1910లో వచ్చిన గురజాడ ‘దిద్దుబాటు’ చూడండి. రాత్రి ఆలస్యంగా ఇల్లు చేరిన గోపాలరావుకి భార్య కమలిని కనబడదు, ఉత్తరం దొరుకుతుంది. అతనితోపాటు మనమూ కంగారుపడతాం. కమలిని వైపు నుంచి చెబితే, ఆమె మంచం కింద ఉందని ముందే తెలిసిపోయి ఉత్తరం తేలిపోయేది. తెలియనివాడి వెంట నడవండి.

సమస్య: చదివినవాళ్లు ‘ఇంతకీ ఇది ఎవరి కథ?’ అంటున్నారు.

ఒకే సన్నివేశంలో ఇద్దరి మనసుల్లో దూరి ఉంటారు. దీన్ని పట్టుకోవడానికి తెలుగులో ఓ సులువుంది. ‘మావయ్య వచ్చారు’ అంటే కోడలి వైపు. ‘నాన్న వచ్చాడు’ అంటే కొడుకు వైపు. ‘రామయ్య వచ్చాడు’ అంటే బయట నిలబడ్డ రచయిత. మూడూ ఒకే పేజీలో కలిస్తే కోణం జారినట్టే. ప్రింటు తీసి, పిలుపుల కిందా క్రియల చివరా పెన్సిల్‌తో గీతలు గీయండి. సంభాషణల జోలికి వెళ్లొద్దు, అక్కడ ఎవరి పిలుపు వాళ్లదే.

సమస్య: ‘నేను’ అనే పాత్ర అచ్చం రచయితలా మాట్లాడుతోంది.

ఉత్తమ పురుషలో రాస్తే ప్రతి వాక్యమూ ఆ మనిషి నోటి నుంచే రావాలి. నా కౌలు రైతు రెండో పేజీలో ‘నిశ్శబ్దం ఆవరించింది’ అన్నాడు. ఏ రైతంటాడు? ‘మోటారు ఆగిపోయింది’ అంటాడు. ఆ యాస చివరిదాకా పట్టలేనని తేలాక ‘నేను’ తీసేసి ‘అతను’ పెట్టాను. చూపు మాత్రం అతనిదే. సర్వేయర్‌ని గట్టు మీద నుంచి కదలనివ్వలేదు.